మైకు మామయ్య చెవులు

మా మామయ్యతో మీరు ఏ మాట అన్నా, ఆ మాటను ఆయన వెంటనే మళ్ళీ చెబుతాడు. చెప్పడమంటే మామూలుగా చెప్పడం కాదు. గొంతు సవరించుకుని, మెడ కాస్త ఎడమపక్కకు తిప్పి, ఒక్కొక్క మాటా విడివిడిగా, వీధి మలుపులో ఇస్త్రీ చేసుకునే ఆయనకు కూడా వినబడేలా ప్రకటిస్తాడు. "మామయ్యా, రేపు నీళ్ళు రావట" అని నేను అన్నాననుకోండి. "దయచేసి వినండి! రేపు నీళ్ళు రావు! బకెట్లు ఇవాళే నింపుకోవలెను!" అంటాడు. నేను అనని ఆ రెండో వాక్యం ఆయన సొంతం.

ఊళ్ళో అందరూ ఆయన్ను మైకు మామయ్య అనే అంటారు. ముప్పై రెండేళ్ళు బస్‌స్టాండులో అనౌన్సరుగా పనిచేశాడు. ఇనుప మెట్లెక్కి వెళితే పైన ఒక అద్దాల గది, అందులో ఒక బల్ల, ఒక మైకు, ఒక మంచినీళ్ళ కూజా, మా మామయ్య. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో రెండేసి సార్లు చెప్పేవాడు. మొదటిసారి సగం మందికి వినబడదు, రెండోసారి ఆ సగంలో సగం మందికి అర్థమవుతుంది, మిగిలినవాళ్ళు ఎలాగూ కండక్టర్ని అడుగుతారు అని ఆయన సిద్ధాంతం. రిటైరయ్యాక కొన్నేళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఇంట్లో మొదలుపెట్టాడు.

"ఈయనకు చెవులు పోయాయి" అని బంధువులు తేల్చేశారు. లేకపోతే చెప్పిన మాటే మళ్ళీ చెప్పి సరిచూసుకోవడం ఎందుకు? ఆయన కాదనలేదు. "అవునర్రా, అన్నేళ్ళు హారన్లు విన్న చెవులు. బస్సులకే ఇచ్చేశాను" అని కనబడిన ప్రతివాడికీ తనే చెప్పుకున్నాడు. చెవుడు వచ్చినవాళ్ళు ఎవరైనా దాచుకుంటారు. ఈయన మాత్రం ప్రమోషన్ వచ్చినంత సంబరంగా చాటింపు వేసుకున్నాడు. మాకెవరికీ అది వింతగా తోచలేదు. ఆయన చేసేవన్నీ వింతలే కాబట్టి ఇదీ వాటిలో కలిసిపోయింది.

నాకు పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చి ఆ ఊరు చేరినప్పుడు, మామయ్య ఇంట్లోనే మేడమీది గదిలో రెండేళ్ళు ఉన్నాను. వెళ్ళిన రోజే నన్ను ప్లాట్‌ఫారం ఎక్కించాడు. ముందుగదిలో కిటికీకి ఎదురుగా ఒక చెక్క కుర్చీ ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా మాట్లాడాలంటే అందులో కూర్చోవాలి. దాని పేరు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం.

"అక్కడ కూర్చో అమ్మాయీ."

"ఇక్కడ బాగానే ఉంది మామయ్యా, గాలి వస్తోంది."

"గాలి వస్తోంది గానీ నీ మొహం మీదికి వెలుతురు రావడం లేదు. చీకట్లో నిలబెట్టిన బస్సు ఏ ఊరు వెళ్తుందో ఎవరికి తెలుస్తుంది?"

కుర్చీ పైన గోడకు ఒక అట్ట వేలాడేది. దానిమీద ఆయన గుండ్రటి చేతిరాత. ఒక్కొక్కరే మాట్లాడవలెను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోరాదు. పక్కగదిలోంచి కేకలు వేయరాదు. రేడియో, మాటలు ఒకేసారి నడపరాదు. కింద పెద్దక్షరాలతో, ఇట్లు యాజమాన్యం. యాజమాన్యం అంటే ఎవరని అడిగాను. పక్కన కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్న మా అత్తయ్యను చూపించాడు. అత్తయ్య నవ్వి తలూపింది.

ఆ నిబంధనలకు బలైపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చేవాడు, ఆయన మీసం పైపెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి మీదికి కూడా దిగుతూ ఉండేది. మామయ్య ఆయన్ను రెండు నిమిషాలు చూసి, "మీ పాలసీ మంచిదే అయ్యుంటుంది. ముందు ఆ మీసం కత్తిరించుకుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అని పంపేశాడు. ఏజెంటు అలిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ వారం నున్నగా గీయించుకుని వచ్చాడు. సొంత పెళ్ళాం కూడా గుర్తుపట్టలేదని మొత్తుకున్నాడు. "దయచేసి వినండి! ఈయన భార్య ఈయన్ను గుర్తుపట్టలేదు! కొత్త మొహం బాగుందనే అనుకుంటున్నాము!" అని మామయ్య ప్రకటించాడు. అత్తయ్య ఆ రోజు ఊలు కింద పడేసుకుని నవ్వింది.

సినిమాహాల్లో అయితే గొడవే జరిగింది. తెరమీద ఎవరు ఏమంటే అది ఈయన మళ్ళీ అనడమే. "ఆయన వెళ్ళిపోతానంటున్నాడు! ఆవిడ వెళ్ళమంటోంది! కానీ నిజంగా వెళ్ళమని కాదు!" ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. వెనక వరసవాళ్ళు కుర్చీ తన్నారు. చివరికి టార్చిలైటు పట్టుకుని ఒకతను వచ్చి, "పెద్దాయనా, మీకు వినబడకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా" అన్నాడు. "ఇంట్లో సినిమా వెయ్యరు కదయ్యా" అని మామయ్య జవాబు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని, కథ అంతా అర్థమైనదానిలా హాయిగా బయటికి నడిచి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మామయ్యకు చెవుడని అందరికీ తెలుసు కాబట్టి, ఆయన ఎదురుగానే ఆయన గురించి ఇష్టం వచ్చినట్టు మాట్లాడేవాళ్ళం. మరీ దగ్గరగా ఉంటే గొంతు కాస్త తగ్గించేవాళ్ళం, అదే మా మర్యాద. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన మేస్త్రి, "ఈ ముసలాయన నెత్తిమీద పైపు పగిలినా వినబడదు" అన్నాడు. మా వదిన, అంటే మామయ్య కూతురు, అదే ఊళ్ళో మందుల షాపు నడుపుతుంది. వచ్చినప్పుడల్లా, "అమ్మ ఎలా భరిస్తోందో ఈ గోల" అని వంటింట్లో నాతో అనేది. నేను తక్కువ తిన్నానా? "ఈ మైకుకి స్విచ్ ఎక్కడుందో తెలిస్తే బాగుండును వదినా" అన్నాను. ముందుగదిలో మామయ్య పేపరు తిప్పుకుంటూ ఉండేవాడు.

అత్తయ్య సంగతి వేరు. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, బోర్డులో వైర్లు గుచ్చుతూ, ఊళ్ళో నాలుగు వందల ఫోన్లూ నంబర్లతో సహా నోటికి చెప్పేదట. ఎవరైనా "హలో" అంటే చాలు, ఎవరో చెప్పేసేదట. జలుబు చేసిన గొంతు వినబడితే, "ముందు వేడినీళ్ళు తాగండి, ఆనక కలుపుతాను" అనేదట. ఆవిడ చెవి గురించి ఆ ఆఫీసులో కథలు చెప్పుకునేవారు. పెళ్ళికి ముందు మామయ్య బస్‌స్టాండు నుంచి ఊరికే ఫోన్లు చేసి, మాట్లాడకుండా పెట్టేసేవాడట. "ఊపిరి పీల్చే పద్ధతిని బట్టే మీరని తెలిసిపోయింది" అని అత్తయ్య ఇప్పటికీ ఏడిపిస్తుంది.

అలాంటి మనిషి నేను ఉన్న ఆ రెండేళ్ళలో మెల్లగా తగ్గిపోయింది. పాత ఆపరేటర్లందరూ నెలకోసారి కలుసుకునేవారు, అక్కడికి వెళ్ళడం మానేసింది. పక్కింటావిడ పిలిస్తే తలనొప్పి అనేది. ఫోన్ మోగితే దానివంక చూసేది కాదు. వదిన పొద్దున ఫలానా మాత్ర వేసుకోమని చెప్పి వెళితే సాయంత్రానికి ఆ సంగతే తెలియనట్టు ఉండేది. కుళాయి తిప్పి వదిలేసేది. పొయ్యిమీద పాలు పొంగి మూత టపటపా కొట్టుకుంటున్నా, పక్కనే నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. మామయ్యే ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పేవాడు. మూత చప్పుడు ఆ చెవిటాయనకు ఎలా తెలిసిందని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. వాసన వచ్చిందేమో అనుకున్నాను.

"అమ్మకు మతిమరుపు మొదలైంది" అని ఒకరోజు వదిన కళ్ళు తుడుచుకుంది. తను రోజూ మందుల షాపులో అలాంటి ముసలివాళ్ళను చూస్తుంది, వాళ్ళను తీసుకొచ్చే పిల్లల మొహాలూ చూస్తుంది. పరీక్ష చేయించాలని పట్టుబట్టింది. ఆ రోజు తనకు షాపు వదలడం కుదరక, మామయ్యతో నన్ను తోడు పంపింది.

డాక్టరుగారు చిన్నవాడే, మంచివాడే. జలుబు చేసిందని మూతికి మాస్కు కట్టుకుని, కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు. పైన ఫ్యాను గడగడలాడుతోంది.

"అమ్మా, ఇవాళ ఏ వారం?" అన్నాడు.

"దయచేసి వినండి! ఇవాళ ఏ వారం అని డాక్టరుగారు అడుగుతున్నారు!" అన్నాడు మామయ్య.

"గురువారం" అంది అత్తయ్య టక్కున.

"మీరు సాయం చెయ్యకూడదండీ" అన్నాడు డాక్టరు.

"సాయం కాదండీ, అనౌన్స్‌మెంటు."

"అది కూడా కూడదు. కాసేపు బయట కూర్చోండి."

మామయ్య నావంక చూశాడు, అత్తయ్యవంక చూశాడు. అత్తయ్య ఆయన్ను ఒక్క చూపు చూసింది. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయి, బయటికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు కంప్యూటర్‌ను చూస్తూ ఐదు మాటలు చదివి, గుర్తుపెట్టుకోమన్నాడు. అత్తయ్య నవ్వి తలూపింది. కాసేపయ్యాక ఆ ఐదూ చెప్పమన్నాడు. అత్తయ్య నవ్వి తలూపింది. వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి రమ్మన్నాడు. అత్తయ్య దానికీ తలూపింది. మూలన కూర్చున్న నేను, అయ్యో, పాపం, ఇంత దూరం వచ్చిందా అనుకున్నాను. అంతకుమించి బుర్ర పెట్టలేదు.

రిపోర్టులో మార్కులు బాగా తక్కువ వచ్చాయి. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొద్దు, రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి అన్నారు. వదిన పదిరోజులు ఆలోచించింది, రెండు రాత్రులు ఏడ్చింది, చివరికి జ్ఞాపకం పోయినవాళ్ళను చూసుకునే ఒక హోమ్ వెతికింది. "నాన్నకు చెవుడు, అమ్మకు మరుపు. ఒకరికొకరు ఎలా ఆసరా అవుతారు? ఏదైనా జరిగితే?" అంది. తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ రిపోర్టు వచ్చినప్పటినుంచి మామయ్య ఒక్క ప్రకటన కూడా చెయ్యలేదు. స్విచ్ ఎక్కడుందో తెలిస్తే బాగుండునన్న నాకు, ఆ ఇంట్లో నిశ్శబ్దం భరించడం కష్టమైంది.

ఆదివారం పొద్దున వదిన ఫారం తీసుకుని వచ్చింది. మామయ్య సంతకం పెడితే చాలు. పెన్ను ఆయన చేతికిచ్చి, వదిన తల్లి పక్కన నేలమీద కూర్చుంది. ఆవిడ ఒళ్ళో తల వంచుకుని, మెల్లగా చెప్పింది.

"అమ్మా, అక్కడ తోట ఉంది. నీ ఈడువాళ్ళు ఉంటారు. వారానికి రెండుసార్లు నేను వస్తాను. వెళ్తావా అమ్మా? నీకు ఇష్టమేనా?"

అత్తయ్య కూతురి జుట్టు నిమిరి, నవ్వి, తలూపింది.

"చూశావా నాన్నా" అని వదిన గట్టిగా అరిచి చెప్పింది. "అమ్మ కూడా సరేనంది."

మామయ్య పెన్ను మూత పెట్టేశాడు. లేచి, కిటికీ ఎదురుగా ఉన్న ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద తనే కూర్చున్నాడు. ఆయన అందులో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్యకు ఎదురుగా, మొహం వెలుతురులో పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"దయచేసి వినండి" అన్నాడు. "నిన్ను ఈ ఇంట్లోంచి తీసుకెళ్ళి, జ్ఞాపకం పోయినవాళ్ళ హోమ్‌లో పెడతారట. రాత్రీ పగలూ అక్కడే. నేను ఇక్కడ. వెళ్తావా అని అమ్మాయి అడిగింది. నువ్వు సరేనని తలూపావు."

సొంత వాక్యం ఏదీ కలపలేదు.

అత్తయ్య చేతిలో సూదులు ఆగిపోయాయి. "నేనా? దానికి నేనెప్పుడు ఊపాను?"

"ఇప్పుడే."

"నాన్నా, ఆగు" అంది వదిన లేచి నిలబడి. "నేను అమ్మ ఒళ్ళో గొణిగాను. నీకెలా వినబడింది?"

"నా చెవులకేమైందే? లక్షణంగా ఉన్నాయి."

మామయ్య అత్తయ్యవంకే చూస్తున్నాడు. "మాటిచ్చాను, ఆరేళ్ళు నిలబెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు. చెప్పేస్తున్నాను" అన్నాడు.

జరిగింది ఇదీ. ఆరేళ్ళ క్రితం పాత ఆపరేటర్లు కలుసుకున్నచోట, ఒకావిడ వెనకనుంచి మూడుసార్లు పిలిస్తే అత్తయ్య పలకలేదు. అందరూ నవ్వారు. సరదాకే నవ్వారు. అత్తయ్య ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. నాలుగు వందల గొంతులు గుర్తుపట్టిన నాకు చెవుడని ఊళ్ళో తెలిస్తే గుమ్మం దాటను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి అంది. మామయ్య ఆలోచించి, "అలాగే. అయితే నాకు చెవుడని చెబుదాం. ఎవరో ఒకరికి ఉంటే చాలుగా" అన్నాడు. మర్నాటినుంచే ప్రకటనలు మొదలు. ఆ కుర్చీ, ఆ వెలుతురు, ఆ అట్ట, ఏజెంటు మీసం, సినిమాహాలు, అన్నీ ఎడమపక్కన కూర్చుని, పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునే మనిషి కోసం.

"అయితే నువ్వు..." అన్నాను నేను. "ఈ రెండేళ్ళూ... వంటింట్లో మేము అనుకున్నవి..."

"స్విచ్ ఇక్కడ లేదమ్మాయీ" అన్నాడు మామయ్య గొంతు తడుముకుని చూపిస్తూ. "నేనూ వెతికాను. పైపు మేస్త్రి అన్నది కూడా విన్నాను. ఇస్త్రీ ఆయన నాకు పెట్టిన పేరు ఆడపిల్లల ముందు చెప్పకూడదు. మీ వదిన అయితే నన్ను ఇరవై మూడుసార్లు గోల అంది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటై, ఎవరూ తిట్టని రోజు ఏమీ తోచేది కాదు."

వదిన ఏడుస్తూనే నవ్వేసింది. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది.

"నన్ను పట్టించేశారు కదండీ" అంది అత్తయ్య.

"పట్టించేశాను. తప్పంటావా, అసలు తప్పు అది కాదు. నీకు వినబడటం లేదని ఎవరికీ తెలియకుండా ఎంత బాగా దాచానంటే, చివరికి నీకు మతే లేదనుకున్నారు. ఆ తప్పు నాది. నేను ఉన్నంతసేపూ నువ్వు బాగానే ఉండేదానివి. నేను లేనప్పుడు చెప్పినవాటికి నువ్వేం చేస్తావు?"

అత్తయ్య సూదులు పక్కన పెట్టింది. "నాకూ భయమేసిందండీ" అంది. "బుర్రే పోతోందేమో అనుకున్నాను. ఎవరైనా వస్తుంటే పారిపోవాలనిపించేది. తలూపితే త్వరగా వెళ్ళిపోతారు కదా అని ఊపేదాన్ని."

మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈసారి నలుగురం. సంగతి విని ఆయన మాస్కు తీసేసి, ఫ్యాను ఆపి, కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. మాట పెద్దగా వినిపించే ఒక చిన్న యంత్రం తెప్పించి, దాని హెడ్‌సెట్ అత్తయ్యకు ఇచ్చాడు. ఆవిడ దాన్ని అందుకుని, జుట్టు వెనక్కి తోసి, అలవాటైన చేత్తో తగిలించుకుని, వెన్ను నిటారుగా పెట్టింది.

"నంబరు చెప్పండి" అంది.

డాక్టరు తడబడి, నంబరు బదులు ఐదు మాటలు చెప్పాడు. కాసేపయ్యాక అడిగితే అత్తయ్య నాలుగు చెప్పింది. "ఐదోది నిజంగానే మర్చిపోయాను, అది నా వయసు ఖాతాలో వేసుకోండి" అంది. మామయ్య తలుపు దగ్గర నిలబడి, నోరు రెండు చేతులతో మూసుకుని ఉన్నాడు. ఆ ఐదో మాట ఆయన గొంతులో కొట్టుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. వయసుకు ఉండే మరుపు కొంత ఉంది, ఆరునెలలకోసారి చూస్తూ ఉండాలి. కానీ ఎదుటివాళ్ళ మాట పట్టుకోవడానికే మనిషి శక్తంతా ఖర్చయిపోతుంటే గుర్తుపెట్టుకోవడానికి ఏం మిగులుతుంది, నలుగురిలోకి వెళ్ళడం మానేస్తే మనసు దిగులుపడక ఏం చేస్తుంది అన్నాడు. ముందే వినికిడి పరీక్ష చెయ్యనందుకు తననే తిట్టుకున్నాడు. హోమ్ ఫారాన్ని వదిన అక్కడే చింపేసింది.

చెవి వెనక పెట్టుకునే మిషన్లు రెండు వచ్చాయి. ఆన్ చేస్తే ఆకుపచ్చ దీపం ఆవగింజంత వెలుగుతుంది. అత్తయ్య మొదట విన్నది ఫ్రిజ్ చప్పుడు, తర్వాత తన చెప్పుల చప్పుడు, ఆ తర్వాత మామయ్యను. "అబ్బ, ఎందుకండీ అలా అరుస్తారు?" అంది. నెల తిరిగేసరికి పాత ఆపరేటర్ల దగ్గరికి వెళ్ళి, జుట్టు పక్కకు తీసి మిషన్లు తనే చూపించి వచ్చింది. వాళ్ళలో ముగ్గురు తమ జుట్టు కూడా పక్కకు తీశారట.

ఇక మామయ్యకు పని లేకుండా పోయింది. గోడమీది అట్ట తీసేశాడు. ఎవరు ఏం చెప్పినా, "ఊఁ" అని ఊరుకునేవాడు. బస్‌స్టాండు నుంచి రిటైరైనప్పుడు కూడా అంత డీలా పడలేదట. పేపరు తెరిచి ఒకే పేజీని గంటసేపు చూసేవాడు.

ఒకరోజు సాయంత్రం అత్తయ్య ముందుగదిలో ఊలు అల్లుకుంటుంటే, నేను వంటింట్లోంచి, "అత్తయ్యా, ఉప్పు డబ్బా ఎక్కడ?" అని మెల్లగా అడిగాను. "రెండో అరలో, ఎడమపక్క" అని వెంటనే చెప్పింది. సంతోషం వేసి ముందుగదిలోకి వచ్చి మామయ్యతో, "రేపు పోస్టాఫీసుకు సెలవు మామయ్యా" అన్నాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఊఁ" అన్నాడు.

అత్తయ్య అల్లడం ఆపింది. చెవి వెనక ఆకుపచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

"ఏమండీ" అంది. "అది ఏదో అంది, నాకు వినబడలేదు."

మామయ్య పేపరు దించాడు. ఆవిడవంక చూశాడు, ఆ దీపంవంక చూశాడు. వందల బస్సుల మధ్య ఊరి పేరు పట్టుకున్న మనిషికి, రెండడుగుల దూరంలో ఉన్న అబద్ధం తెలియకుండా ఉంటుందా? అయినా పేపరు మడిచి పక్కన పెట్టి, మెడ ఎడమపక్కకు తిప్పి, గొంతు సవరించుకున్నాడు.

"దయచేసి వినండి! రేపు పోస్టాఫీసుకు సెలవు! కావున మనం ముగ్గురం సినిమాకు వెళ్తున్నాము!"

నేను చెప్పింది ఒక్క వాక్యమే. అత్తయ్య రెండూ చెవులప్పగించి విని, ఈసారి అర్థమయ్యే తలూపింది.